నూటతొంభయ్యారో కాలు

ఆ రోజుల్లో నాకు రెండుచోట్ల కూర్చోబుద్ధి అయ్యేది కాదు: ఒకటి కుర్చీలో, రెండోది ఇంకో కుర్చీలో. సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకి రాని కాలం. పటాన్‌చెరులో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలకు కార్డులు, అంటే చిప్పులు అతికిన పలకలు, చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో ట్రైనీ ఇంజనీరుగా చేరిన. ఆరు నెలలు సక్కగ చేస్తే పర్మినెంటు అన్నరు. సంగారెడ్డి పోయే కంపెనీ బస్సు ఐదున్నరకు గేటు దాటేది. నా మనసు మాత్రం మూడింటికే దాటేది.

మా మేనేజరు (ఏది చెప్పినా గడియారం చూస్తూ చెప్పేవాడు గనుక మాకు గడియారం సార్) ఒకనాడు నా ముందర లావుపాటి జిరాక్సు కట్ట పడేసి, "కొత్త చిప్పు. ఏ కాలు ఏం పని చేస్తదో వరసగ రాసియ్యి. నీ పట్టిక చూసే కార్డు గీస్తరు" అన్నడు. అగ్గిపెట్టెంత కూడా లేని ఆ చిప్పుకు నాలుగు దిక్కులా కలిపి రెండువందల ఎనిమిది కాళ్లు. (జెర్రి కూడా సిగ్గుపడాలె.) ఒక తీగలో ముప్పై మంది మాటలు గుంపుగా వస్తే, ఎవరి మాట ఎక్కడ మొదలైందో పట్టుకుని వరసలో నిలబెట్టుడు దాని పని. అట్లాంటి తీగలు ఎనిమిది. అంటే ఎనిమిది బస్సులకు ఒక్కడే కండక్టరు. ఈ కాలు మాటలు లోపలికి తెచ్చేది, ఈ కాలు బయటికి పంపేది, ఇది తాళం కొట్టేది, ఇది తీగ తెగితే మొత్తుకునేది, ఇది అంతా మరిచి మొదటికి రమ్మనేది. నూటతొంభై దాకా బుద్ధిగనే రాసిన. ఐదు ఇరవై అయింది. చివరి పేజీలో నూటతొంభయ్యారో కాలు ఎదురుగా "టెస్ట్" అని, కింద చీమలంత అక్షరాల్లో ఇంకేదో ఉంది. చిప్పు చేసినోళ్లు తమ పరీక్షకు పెట్టుకున్నరేమో, మనకెందుకని "అవసరం లేదు" అని రాసి బస్సుకు ఉరికిన.

రెండు నెలలకు కార్డు తయారైంది. ఎనిమిది తీగలకు ఎనిమిది పచ్చ లైట్లు వెలగాలె. ఒక్కటీ వెలగలే. తెల్లారితే ఢిల్లీ నుంచి తనిఖీ సారు వస్తడు. ఊరుకోలేక చిప్పు చుట్టూ వేలితో తడిమిన. (ఉత్త చేతులతో ముట్టొద్దని గోడకు బోర్డుంది, దాని కిందనే నిలబడి ముట్టిన.) ఒక మూలకు పోయేసరికి ఎనిమిదీ ఒక్కసారే వెలిగినయి! వేలు తీస్తే ఆరినయి. గడియారం సార్ వేలు పెట్టిండు, వెలగలే. కార్డుకు చిప్పులు అతికే సోల్డర్ అక్క పెట్టింది, వెలగలే. నేను పెడితేనే వెలుగుతయి. "హస్తవాసి!" అన్నడు సారు, మొదటిసారి గడియారం చూడకుండ. (కంగారైతే నా చేతులకు చెమటలు పడతయని, ఆ తడి వేలు ఆ మూలనున్న ఒక కాలును పక్కనున్న గ్రౌండు కాలుకు, అదే ఎర్తు కాలుకు, కలుపుతున్నదని అప్పుడెవరికి తెలుసు?) "రేపు గట్లనే వేలు పెట్టి కదలకుండ కూసో. తర్వాత సంగతి తర్వాత." కదలొద్దని! నన్ను!

ఢిల్లీ సారు వచ్చిండు, చాయ్ తాగిండు, ఎనిమిది లైట్లు చూసి తలాడించిండు. పావుగంట గడిచింది. నా ముక్కు మీద ఈగ వాలింది. కార్డు పాసయ్యేదాక దానికీ పర్మినెంటు నౌకరే. ఆయన సంతకానికి కలం మూత తీసి, ఆగి, "యే ఉంగ్లీ భీ సాథ్ మే ఆయేగీ క్యా?" అనడిగిండు. ఈ వేలు కూడా కార్డుతోనే వస్తదా అని. నాకు నవ్వొచ్చింది. వేలు జారింది. లైట్లు ఆరినయి.

గడియారం సార్ గిర్రున అక్క దిక్కు తిరిగిండు. "నీ టాంకా పని, నీ అతుకులు గిట్లనే ఉంటయి! రేపటి సంది రాకు." అక్క ఇంట్ల సంపాదన ఆమెదొక్కదే. అయినా మెత్తబడలే. "నా టాంకా జూడు సార్, ముత్యం లెక్కుంది. గీ కాలుకు కార్డు మీద తొవ్వనే గీయకపాయె, నేనేం జెయ్యాలె?" అని భూతద్దంలోంచి లెక్కబెట్టి నంబరు చెప్పింది. నూటతొంభయ్యారు.

నా తలకాయలో ఆనాటి ఐదు ఇరవై కొట్టింది. జిరాక్సు తీసి చివరి పేజీలో ఆ చీమలక్షరాలు చదివిన: ఈ కాలును ఎప్పుడూ గ్రౌండుకు కట్టి ఉంచాలె, వదిలేస్తే చిప్పు తన పరీక్షలో తాను పడి మిగతా పనులన్నీ బంద్ పెడతది. నేను నోరు మూసుకుంటే పర్మినెంటు, అక్క ఇంటికి. "సార్, తప్పు నాది. బస్సుకు టైమైతుందని ఈ పేజీ చదవలే" అన్న. (ధైర్యమేం కాదు. అక్క చేతిలో సోల్డరింగ్ కడ్డీ ఇంకా కాలుతున్నది.)

అక్క వెంట్రుకంత తీగ తీసుకుని ఆ కాలును గ్రౌండుకు అతికింది. రెండు నిమిషాల పని. ఏ వేలూ లేకుండానే ఎనిమిది లైట్లు వెలిగినయి. ఢిల్లీ సారు సంతకం పెట్టిండు. నా ట్రైనీగిరీ ఇంకో ఆరు నెలలు పెరిగింది. రెండువందల ఎనిమిది కాళ్ల పట్టిక మళ్లా రాసి, ఒక్కో పేజీ అక్కకు చదివి వినిపించాలన్నది శిక్ష. అక్క వింటూ, "హస్తవాసి సాలు తమ్మీ, జెర కండ్లు గూడ వాడు" అనేది.

ఇప్పుడు పెళ్లిపత్రిక వచ్చినా నేను వెనక పేజీ నుంచే చదువుతా. అప్పటి నేను, ఆ ఇరవై రెండేళ్లోడు, ఎప్పుడన్నా పటాన్‌చెరు రోడ్డు మీద ఎదురైతే, చెయ్యి పట్టుకుని నాలుగు మంచిమాటలు చెప్పాలని ఉంటది. కానీ వాడు నిలబడితే కదా. ఐదు ఇరవై అయింది, బస్సు పోతది.