సముద్రం కనపడని గుడారం

మొన్న బుధవారం పొద్దున పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగితే, మా అపార్టుమెంటు సెల్లారులో ఎదురింటి కుర్రాడూ అతని భార్యా కారు డిక్కీలోకి సామాను సర్దుతున్నారు. చాపలు, నీళ్ళ డబ్బా, పిల్లల ప్లాస్టిక్ బకెట్లు, వాటి మధ్య పొడుగాటి సంచీలో చుట్టిన గుడారం. సముద్రం ఒడ్డున నాలుగు రోజులుండి వస్తామని, బాల్కనీలో మొక్కలకు కాసిన్ని నీళ్ళు పోయమని ఆ అమ్మాయి తాళంచెవి నా చేతిలో పెట్టింది. వాచ్‌మన్ ఊరుకోలేదు. "ఇల్లిడిచి ఇసుకల పండుకునుడేంది సార్, గమ్మతున్నది" అని నవ్వాడు. నేనూ నవ్వానుగానీ, లిఫ్టులో పైకి వచ్చి చూసుకుంటే చేతిలో తాళంచెవి ఉంది, పాల ప్యాకెట్టు లేదు.

నా ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుంది, మేమూ ఒకసారి గుడారం వేశాం, ఇది ఇరవై ఏళ్ళ కిందటి మాట. అప్పటికి నేనిప్పుడుంటున్న గోపన్‌పల్లి ఇంకా ఊరే, గచ్చిబౌలి దాటితే రాళ్ళగుట్టలూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ ఉండేవి కావు, మాదాపూర్లో అద్దాల మేడలో ఉద్యోగం దొరికినవాడికి చుట్టాల్లో జరిగే మర్యాద ఇంతా అంతా కాదు. నేను అనంతపురం జిల్లావాణ్ణి. కాలేజీకి వచ్చేదాకా చెరువును మించిన నీళ్ళు చూడనివాణ్ణి. నా భార్యదేమో చీరాల దగ్గర పల్లె. ఆవిడ సముద్రం మాట ఎత్తితే తన పుట్టింటి మనిషి గురించి చెబుతున్నట్టుండేది, ఇవాళ కోపంగా ఉందనీ, ఇవాళ బాగానే ఉందనీ.

ఆఫీసు పని మీద ఆరు నెలలు విదేశంలో ఉన్నప్పుడు, అక్కడివాళ్ళు కొంటుంటే చూసి నేనూ ఒక గుడారం కొన్నాను. అది రెండేళ్ళు అటక మీదే పడి ఉంది. ఒక వేసవి సెలవుల్లో ఆవిడే దాన్ని దింపించి, సూర్యలంక నుంచి మైపాడు దాకా తీరం పట్టుకుని పోదామనీ, నాలుగు సాయంత్రాలు నాలుగు ఒడ్లలో దిగుదామనీ లెక్క వేసింది. అప్పటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి ఐదు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, చుట్టాలెవరికీ తెలియకూడదు. చీరాల మీదుగా వెళ్తూ పిన్నిగారింట్లో చెయ్యి కడగకపోతే ఆ మాట బతికినంత కాలం పడాలి. పోనీ వెళ్తే భోజనాలూ, ఫలహారాలూ, జాకెట్టు ముక్కలూ అయ్యి రెండు రోజులకుగానీ కదలనివ్వరు. పైగా ఇంత ఇల్లుండగా గుడారమేమిటే, ఇదేమన్నా జాతరా అంటారు. అందుకని చీరాల బజారు దాటేంతసేపూ ఆవిడ నెత్తిన కొంగు కప్పుకుని వెనక సీట్లో ఒదిగి కూర్చుంటే, పిల్లలిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. కారు అద్దంలోంచి నేను చూశాను.

ఇక నేను చేసిన పని చెప్పాలి. మా ఉద్యోగాల్లో సెలవు మెయిలు చివర అందరమూ రాసే వాక్యం ఒకటుండేది, అత్యవసరమైతే ఫోనులో అందుబాటులో ఉంటానని. ఎవరూ రాయమనరు. పెళ్ళికి సెలవు పెట్టినవాడూ రాసేవాడు, తండ్రి పోయాడని ఊరికి పరుగెత్తేవాడూ రాసేవాడు. ఇట్లు విధేయుడు అని రాసినట్టు చెయ్యి దానంతటదే రాసేసేది. నేను అంతటితోనూ ఆగక నంబరు రెండుసార్లు రాశాను.

దాంతో సూర్యలంకలో మొదటి సాయంత్రమే చిక్కు వచ్చింది. ఆవిడ అలల అంచుకు దూరంగా ఎత్తైన ఇసుకలో, వాకిలి తీస్తే ఎదురుగా సముద్రం కనపడే చోటు చూసి, పిల్లల చేత మేకులు కూడా పట్టించింది. నేను ఫోను తీసి చూస్తే సిగ్నలు ఒక్క గీత కూడా లేదు. చెయ్యి పైకెత్తి ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరిగాను. చివరికి సరుగుడు తోపు వెనకాల, చేపలకు ఐసు తయారుచేసే షెడ్డు పక్కన రెండు గీతలు దొరికాయి. గుడారం అక్కడికి మార్పించాను. మావాడు వాకిలి గుడ్డ ఎత్తి, ఎదురుగా షెడ్డు గోడ చూసి, సముద్రం ఎటు పోయిందని అడిగాడు. ఆవిడ మాత్రం, "ఏమండీ, సెలవేగా?" అంది. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పిల్లల్ని తీసుకుని తోపు దాటి వెళ్ళింది, నేను ఫోనుకు కాపలా కూర్చున్నాను.

ఆ తరవాత చీరాల పక్కన ఓడరేవులోనూ అంతే, కొత్తపట్నంలోనూ అంతే. తీర్థయాత్రకు పోయినవాడు గోపురం కోసం వెతికినట్టు నేను ఊరు రాగానే టవరు కోసం వెతికేవాణ్ణి. అది ఎటుంటే గుడారం అటు. ఇంతా చేస్తే నాలుగో రోజు సాయంత్రం దాకా నాకు వచ్చిన ఫోన్లు రెండు. ఒకటి క్రెడిట్ కార్డు అంటగట్టబోయిన అమ్మాయిది, రెండోది ఆఫీసు బస్సు కోసం ఎవరో తప్పు నంబరు నొక్కినది.

చివరి సాయంత్రం మైపాడులోనూ గుడారం తోపు వెనకాలే. అక్కడ మా అమ్మాయి నా పక్కన కూర్చుని ఒక కోరిక కోరింది. పొద్దున్నే నీళ్ళలోంచి సూర్యుడు బయటికి వస్తుంటే నలుగురమూ వరసగా చేతులు పట్టుకుని మోకాళ్ళ లోతులో నిలబడాలట. మూడు రోజులూ పొద్దున్నే వాళ్ళమ్మతో చూసింది, నాన్న లేకపోతే అది లెక్కలోకి రాదట. తప్పకుండా వస్తానన్నాను. నమ్మకం చాలక నా చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకుంది.

తెల్లవారుతుండగా ఆ ముగ్గురూ ముందు నడిచారు. నేను చెప్పులు వెతుక్కుంటున్నాను, ఫోను మోగింది. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాడు. ఆ ఆదివారం తెల్లవార్లూ కంప్యూటర్ ముందు చేస్తున్న పనిలో ఎక్కడో ఆగిపోయాడు, గొంతులో బెరుకు ఉంది.

"మీరు మెయిల్ల రాసిండ్రు గద అని చేసిన సార్. సోమవారం చూసుకుందమన్నా నడుస్తది."

ఈ మాట ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. సోమవారం దాకా ఆగినా నడుస్తుందని అతనే చెప్పాడు. సరే బాబూ అని ఫోను పెట్టేస్తే ఏ కొంపా మునిగేది కాదు. కానీ నాలుగు రోజులుగా ఎవరూ నన్ను వెతకలేదన్న బాధ ఏదో లోపల ఉన్నట్టుంది. ఆ ఫోను రాగానే నాకు సంతోషం వేసింది. వద్దు వద్దు, ఇప్పుడే చూద్దాం, కూర్చో అన్నాను. ఒక్కో అక్షరం చెప్పి, ఇక్కడ ఖాళీ వదులు, ఇక్కడ చుక్క పెట్టు అంటూ, ఒకచోట తప్పు పోతే మళ్ళీ మొదటి నుంచి చెప్పి టైపు చేయించాను. పని అయ్యాక అతను దండాలు పెట్టినంత పని చేశాడు. తలెత్తి చూస్తే ఎండ తోపు మీదికి ఎక్కింది, ముగ్గురూ తడిబట్టలతో వెనక్కి వస్తున్నారు. మా అమ్మాయి ఏడవలేదు. అయిపోయింది నాన్నా అని, ఊళ్ళో సంగతి చెప్పినట్టు చెప్పి, ఇసుక కాళ్ళు దులుపుకుంది. వచ్చే ఏడు అన్నాను. వచ్చే ఏడు నాకు కొత్త ప్రాజెక్టు, ఆ పై ఏడు పిల్లలకు పరీక్షలు. ఆ తరవాత ఎవరూ అడగలేదు.

నా భార్య పోయి నాలుగేళ్ళయింది. కిందటి నెల ఆబ్దికానికి మా అమ్మాయి ప్రగతి నగర్ నుంచి కుటుంబంతో వచ్చింది, అబ్బాయీ వచ్చాడు. భోజనాలయ్యాక చిన్న మనవరాలికి వాళ్ళిద్దరూ ఆ ప్రయాణం కథ మొదలుపెట్టారు. అమ్మ ఎండ్రకాయను చూసి చెప్పులొదిలి పరుగెత్తడం, అలకు చతికిలపడి లేవలేక నవ్వడం, వల లాగేవాళ్ళతో కలిసి తనూ తాడు పట్టడం, ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెబుతున్నారు. నేను వింటున్నాను, ఇంకొకరింటి సంగతి విన్నట్టు. అందులో ఒక్కటంటే ఒక్కటి నేను చూసింది లేదు. నా భార్య అంతగా నవ్వగలదని కూడా నాకు తెలియదు. మరి తాత ఎక్కడున్నాడని మనవరాలు అడిగింది. "తాతే కదే కారు నడిపింది" అంది మా అమ్మాయి, నా వైపు చూడకుండా. నన్ను నొప్పించకూడదనే అంది పాపం.

అందరూ కాస్త నడుం వాల్చాక, వంటింట్లో గిన్నెలు సర్దుతున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి, ఆ చివరి రోజు పొద్దున ఏం చేశారమ్మా అని అడిగాను. ఇరవై ఏళ్ళలో నేను ఈ ప్రశ్న అడగడం అదే మొదలు. తను చేతిలో గిన్నె గట్టు మీద పెట్టింది.

"అమ్మ ఎడమ చేత్తో నన్ను పట్టుకుంది, నేను తమ్ముణ్ణి పట్టుకున్నా. వాడు అటు పక్కకొచ్చి అమ్మ కుడి చెయ్యి పట్టుకోబోతే వద్దంది. అది నాన్నకు అంది. సూర్యుడు మొత్తం పైకొచ్చేదాకా ఆ చెయ్యి అట్లానే ఖాళీగా పెట్టుకుని ఉంది నాన్నా."

ఆ తరవాత పదహారేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి ఈ సంగతి నాకు చెప్పలేదు. నిష్ఠూరంగా అయినా ఒకసారి అనేసి ఉంటే బాగుండేది. ఇప్పుడు కాలం మారింది. సెలవు పెట్టినవాళ్ళు కూడా ఒళ్ళో లాప్‌టాపు పెట్టుకునే తిరుగుతున్నారు, ఏ ఒడ్డున నిలబడ్డా ఫోను పలుకుతుందట, గుడారం ఎక్కడ వేయాలో ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. నాకేమో పొద్దున్నలన్నీ ఖాళీయే. ఆ రోజు నేను దగ్గరుండి చేయించిన పని ఏమిటో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు, ఆ కుర్రవాడి ముఖమూ గుర్తు లేదు. తోపు దాటి పట్టుమని వంద అడుగులు వేసి ఉంటే, ఆవిడ చెయ్యి అక్కడే ఉంది.