వెనక్కి సగం చుట్టు

ఎనిమిది మరల్లో ఆరు పోయాయి, రెండు మిగిలాయి. మొన్న గిద్దలూరులో, నా మోటార్ సైకిలు ఇంజను అడుగున ఆయిల్ బోల్టు బిగించే రంధ్రంలోకి టార్చి వేసి లోపలి మర చుట్లను నేను లెక్కపెడుతుంటే మెకానిక్కుకు విసుగొచ్చింది.

"లెక్కబెట్టి ఏం జేస్తావన్నా, ఇంజను కవరే మార్చాల. ఇప్పుడెవురు మర కోస్తారు?" అన్నాడు.

నా లెక్క అక్కడ ఆగలేదు. మార్కాపురంలో నేనెరిగిన లేతు షాపులు మూడూ పోయాయి, వాటి ముందు నూనె మరకల చొక్కాలతో కూర్చునే మనుషులూ పోయారు, అందరికంటే ముందు మా మేనమామ పోయాడు.

మామ లేతు దుకాణంలో నేను రెండేళ్లు పనిచేశాను. కంభం నుంచీ దోర్నాల నుంచీ కూడా మరలు అరిగిన ఇంజను భాగాలను గోనెసంచుల్లో వేసుకొచ్చేవాళ్లు. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, ట్యాపు అనే ఉక్కు పనిముట్టును తిప్పుతూ కొత్త మర కోసి, అందులో బుష్ అనే చిన్న మరల గొట్టం బిగిస్తే పాత బోల్టే మళ్లీ పట్టేది. ముందుకు ఒక చుట్టు తిప్పితే వెనక్కి సగం చుట్టు తిప్పాలి, అప్పుడే తెగిన పొట్టు విరిగి రాలుతుంది. మామ అటు తిరిగి తన పని చేసుకుంటూనే ఆ సగం చుట్టు చప్పుడు వినేవాడు.

"పది రంధ్రాలు తప్పు లేకుండా కొయ్యి అల్లుడూ, దుకాణం తాళంచెవి నీ చేతికిస్తా" అన్నాడు. ఆ తాళంచెవి తప్ప నాకు వేరే కోరిక లేని రోజులవి.

తొమ్మిది కోశాను, రంధ్రానికి ఎనిమిది చుట్లు. పదోదాంట్లో మూడో చుట్టు తిప్పుతూ, మొదటి నుంచీ మొత్తం ఎన్నయ్యాయా అని మనసులో కూడుకుని, డెబ్బై అయిదు అనుకునేంతలో ట్యాపు పుటుక్కున విరిగింది. వెనక్కి తిప్పడం మరిచాను. ఆ కొలతది దుకాణంలో అదొక్కటే.

"ఏందిరా ఆలోచిస్తాండావు?" అన్నాడు మామ. చెప్పాను.

"లెక్క బాగనే ఉంది, చెయ్యే తప్పింది. పదోది బాకీ పెట్టుకో, కర్నూలు నుంచి కొత్తది తెప్పిస్తా" అని నవ్వాడు.

కొత్త ట్యాపు రాకముందే పక్షవాతంతో మామ కుడిచేయి పడిపోయింది. లేతు అమ్మేశారు, కొన్నాళ్లకు మామ కూడా పోయాడు, నేను పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాయడానికి కుదిరాను.

మొన్న ఆ పాత కవరును పారేయనివ్వకుండా సంచిలో వేసుకుని తెచ్చుకున్నాను. ట్యాపు ఈ రోజుల్లో ఫోనులో చూసి తెప్పించుకోవచ్చు, తిప్పడానికి నా చేతులూ ఉన్నాయి. అటు తిరిగి కూర్చుని ఆ సగం చుట్టు వినే మనిషిని ఎక్కడి నుంచి తెప్పించను? పదిలో తొమ్మిది పోగా మామకు నేనింకా ఒకటి బాకీ.