గాలయ్య ఊడ్చిన కల్లం

కుసుమ నూనె వాసన తగిలితే ఎవరికైనా తాలింపు గుర్తొస్తుంది, ఆకలి గుర్తొస్తుంది. హళ్ళిఖేడ్‌లో గానుగోళ్ళ రాచమ్మకు మాత్రం ముందు చీపురు గుర్తొస్తుంది. ఆ తర్వాత మొగుడు గాలయ్య, ఆ తర్వాత తమ్ముడు అంబాదాస్. ఇప్పుడామెకు అరవై నిండాయి. చూపు మందగించింది గానీ నోరు మందగించలేదు. అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ పాత ముచ్చట చెబుతుంది. విన్నవాళ్ళకే మళ్ళీ చెప్పడానికి ఆమెకేమీ అభ్యంతరం లేదు.

ఇంకా మైసూరు రాష్ట్రమని పిలిచే రోజులు. అక్కడి నల్లరేగడిలో జొన్నచేను చుట్టూ కుసుమ సాళ్ళు వేసేవారు, ముళ్ళకు జడిసి పశువులు చేలో దిగవని. పోను పోను చేలకు చేలే కుసుమ అయ్యాయి. మంచుకు ముళ్ళు మెత్తబడతాయని తెల్లారకముందే కోతకు దిగేవారు. ఎండెక్కితే ఆ చేను ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. నూనె పండే నేల అని ఆ వైపుకు పెద్ద పేరే ఉండేది. ఆ పేరు తెచ్చిన కూలోళ్ళ ఇళ్ళలో మాత్రం తాలింపు పండక్కే.

ఆ ఇళ్ళకు నూనె చేరే దారి ఒక్కటే. కల్లంలో గింజ కొలిచి బస్తాలకెత్తాక నెర్రెల్లో, పొట్టులో, అంచుల్లో మిగిలేది ఆసామిది కాదు. అది పరిగె. కోతకు వచ్చిన ఆడవాళ్ళు దాన్ని ఏరి కొంగున కట్టుకుని గానుగకు తెచ్చేవారు. ఒకరి దగ్గర శేరుంటే ఒకరి దగ్గర శేరున్నర. ఏడెనిమిది శేర్లు పడితే గానీ గానుగ రోలు నిండదు. అంత తక్కువ తెస్తే ఇంకెక్కడైనా వెనక్కి పంపేవారు. రాచమ్మ పంపేది కాదు. ఐదారుగురి గింజ కలిపి ఒక వాయ తిప్పించి, ఎవరిదెంతో గుర్తుపెట్టుకుని ఎవరి వంతు నూనె వాళ్ళ గిన్నెలో పోసేది. కూలి కింద చెక్క తను ఉంచుకునేది, అంటే నూనె దిగాక రోట్లో మిగిలే పిండిగడ్డ. అది తమ ఎద్దుకు మేత. ఇంకా మిగిలితే బర్రెలున్నవాళ్ళు పట్టుకుపోయేవారు.

గాలయ్యకు పనంటే ప్రాణం. గానుగ దగ్గర ఒక్క గింజ కింద పడినా ఎద్దును ఆపి, వంగి తీసి రోట్లో వేసేవాడు. "గింజ కింద పడనిస్తె నేనేం గానుగోణ్ణే?" అనేవాడు. రాచమ్మకు ఆ మాట అప్పట్లో ముద్దుగా ఉండేది.

అంబాదాస్‌ను తల్లి పోయాక, ఐదేళ్ళప్పుడు, రాచమ్మే తెచ్చి పెంచింది. ఆదివారం వస్తే గానుగ పక్కన కూర్చోబెట్టి, గోరువెచ్చగా దిగిన నూనె వాడి తలకు పట్టించేది. తల అంటాక గాలయ్య వాణ్ణి గానుగ దూలం మీద ఎక్కించి తిప్పేవాడు. "ఎద్దు నడుస్తాంది, బామ్మర్ది కూసున్నడు, నేను నిలవడి సూస్తున్న. ఈ ఇంటికి మాలిక్ ఎవరే?" అని పెళ్ళాన్ని ఆటపట్టించేవాడు. ఇక్కడికొచ్చేసరికి రాచమ్మకు ఇప్పటికీ నవ్వొస్తుంది, నవ్వు వెనకాలే కళ్ళలో నీళ్ళొస్తాయి. కొంగుతో తుడుచుకుని, కథ ఎక్కడ ఆపిందో మనల్నే అడుగుతుంది.

డెబ్బై రెండు కరువులో ఎద్దును అమ్మేశారు. సంతకు తోలుకుపోయిన గాలయ్య సాయంత్రానికి ఉత్త పలుపుతాడు భుజాన వేసుకుని వచ్చాడు. గానుగ ఆగిపోయింది. మరుసటి ఏడు రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మార్చారు. ఆ ఏడే హుమ్నాబాద్ దారిలో జీవరాజ్ సేటు నూనె మిల్లు కూడా లేచింది. సేటు లారీ నేరుగా కల్లం దగ్గరికే వచ్చేది. కొలతల తలనొప్పి లేకుండా కల్లానికి కల్లమే గుత్తకు కొనేవాడు. అందులో ఉన్న గింజంతా, నెర్రెల్లోది కూడా, ఆయనదే. ఆసాములకు సుఖంగానే ఉంది. ఆ గింజ ఊడ్చి ఎత్తడానికి సేటుకు ఒక మనిషి కావాలి, గాలయ్యకేమో పని కావాలి.

గాలయ్య ఊడ్చడం చూసి తీరాలి. ముందు పొట్టు చెరిగేవాడు. తర్వాత సన్నపుల్లతో నెర్రెలు గెలికేవాడు. ఆ తర్వాత చీపురు, ఆ ఊరి మాటలో పొర్క, పట్టి అంచు నుంచి నడిమికి, గాలికి ఎదురు పోకుండా, వంగినవాడు వంగినట్టే కల్లమంతా తిరిగేవాడు. ఒక్కో కల్లంలో అర బస్తా అదనంగా లేచేది. సేటు భుజం తట్టి శభాష్ అన్నాడు. ఆ సాయంత్రం గాలయ్య ఇంటికొచ్చి కరువు తర్వాత మొదటిసారి నవ్వాడు. రాచమ్మ కూడా నవ్వింది. మొగుడి ముఖంలో కళ వచ్చిందని సంబరపడిందే గానీ, ఆ అర బస్తా ఎవరిదో ఆమెకు తట్టలేదు. ఇన్నేళ్ళయినా ఆ నవ్వుకు తనను తాను తిట్టుకుంటుంది.

నాలుగు రోజులకు తాయవ్వ వచ్చింది. ఏటా అందరికంటే ముందు పరిగె తెచ్చే మనిషి. ఖాళీ కొంగు విప్పి చూపించింది.

"రాచమ్మక్కా, ఈసారి కల్లంల పిట్టకు గూడ గింజ లేదు. గాలయ్య బావ అద్దం లెక్క ఊడ్సిండు."

రాచమ్మ మొగుణ్ణి అడిగింది. గాలయ్యకు ప్రశ్నే అర్థం కాలేదు. "గానుగే నడుస్తలేదు, పరిగె ఎవ్వలకే? గింజ మట్టిల కలుస్తుంటె సూసుకుంట కూసోవాల్నా?" అన్నాడు. అతని మనసులో కల్మషం లేదు. ఉంటే రాచమ్మకు నాలుగు తిట్టడానికైనా వీలుండేది.

అంబాదాస్‌కు అప్పటికి ఇరవై మూడేళ్ళు. పక్క వీధిలో వేరే కాపురం, కూలోళ్ళ ముఠాకు పెద్ద. ఆ వారమే మనుషుల్ని వెంటేసుకుని లారీకి అడ్డం పడుకున్నాడు. ఎవరో రాయి వేశారు, లారీ అద్దం పగిలింది. పోలీసులు వచ్చారు. లాఠీ దెబ్బకు అంబాదాస్ తల చిట్లింది, మూడు రోజులు ఠాణాలో పెట్టారు. బయటికి వచ్చినవాడు అక్క గడప తొక్కలేదు. దారిలో ఎదురుపడితే ఒకే మాట అన్నాడు.

"నా నెత్తి పలగ్గొట్టింది లాఠీ కాదే అక్కా, బావ పొర్క."

సర్కారు జీపు వచ్చింది. ఊళ్ళోకి జీపు వస్తే కాగితాలు వస్తాయి, ఉపన్యాసం వస్తుంది, వెళ్ళేటప్పుడు ఏదో ఒకటి పంచిపెడతారు. ఆసారి ఇంటికో నూనె డబ్బా పంచారు. శాంతి కుదిరిందని రాసుకుని వెళ్ళిపోయారు. కుదిరిన మాట నిజమే, డబ్బాలో నూనె ఉన్న రెండు నెలలూ కుదిరింది. ఆ తర్వాత ఖాళీ డబ్బాలు నీళ్ళు మోసుకోవడానికి పనికొచ్చాయి. పిల్లల తలలు ఎండుగడ్డిలా తయారయ్యాయి. చెక్క లేక బర్రెలు పాలు తగ్గించాయి. ఊరికి కోపం ఎక్కువైంది గానీ తగ్గలేదు.

మళ్ళీ కోతల కాలం దగ్గరపడింది. ఈసారి అంబాదాస్ కిరసనాయిలు కూడబెడుతున్నాడని తాయవ్వ చెవిలో వేసింది. లారీ ఊళ్ళోకి దిగిందంటే తగలబెడతాడట. రాచమ్మ చేస్తున్న పని పక్కన పెట్టేసింది. మూడు రోజుల ఠాణాతో పోయే పని కాదు ఇది. తను కడుపున కనకపోయినా పెంచిన బిడ్డ ఏళ్ళ తరబడి జైల్లో మగ్గుతాడు. ఆపుదామంటే వాడు గడప తొక్కడు, తను వెళ్తే వాడు తలుపు తియ్యడు.

కోతలకు వారం ముందు బడి ఆవరణలో సభ పెట్టారు. బీదర్ నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు, సేటు కూడా వచ్చి కూర్చున్నాడు. ఆసాములు గింజ రేటు పెంచమన్నారు. చదువుకున్న పోరగాళ్ళు మిల్లులో నౌకరీ అడిగారు. ఒకాయన సందు చూసుకుని రోడ్డు కూడా అడిగాడు. గుమాస్తా అన్నీ కన్నడంలో రాసుకున్నాడు. పరిగె మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సింది ఆడవాళ్ళు, వాళ్ళు గోడ అవతల నిలబడి వింటున్నారు. అంబాదాస్ ఓ మూల చేతులు కట్టుకుని, రాసుకునేవాళ్ళని చూసి నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి రాచమ్మకు భయమేసింది. గోడ అవతలి నుంచి లోపలికి వచ్చేసింది.

"హేళమ్మా," చెప్పమని అన్నాడు అధికారి కన్నడంలో. ఆమె తెలుగులో మొదలుపెట్టింది, గుమాస్తా కన్నడంలోకి మార్చి చెబుతూ పోయాడు.

"సాబ్, రేటు పెంచుండ్రి, రైతులు సల్లగుండాలె. గని లొల్లి దానికి కాదు. మునుపు కల్లంల కింద పడ్డ గింజ కూలోళ్ళది. ఇప్పుడు దాన్ని గూడ ఊడ్సి లారీకి ఎత్తుతుండ్రు. మీరు ఏడాదికి ఓ డబ్బ పంచుతరు. డబ్బ మాకెందుకు సాబ్? ఆ పొర్క ఆపుండ్రి."

"ఎవరు ఊడుస్తున్నారు?"

గాలయ్య సేటు కుర్చీ వెనకాలే ఉన్నాడు. రాచమ్మ అతని వైపు చూసింది. ఊరంతా ముందే తెలిసిన సంగతే. అయినా పెళ్ళాం నోట, జీపులో వచ్చినవాళ్ళ ముందర రావడం వేరు.

"మా ఆయిన. గాలయ్య," అంది. "గాయిన్ని ఏమనకుండ్రి. పని ఇచ్చిండ్రు, చేసిండు. గింజ ఇడిసిపెట్టుడు ఆయినకు చాతగాదు."

గాలయ్య తల వంచుకున్నాడు. జీవరాజ్ సేటు మాత్రం గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. పోయిన ఏడు అద్దం పగిలి లారీ పన్నెండు రోజులు ఊరికే నిలిచిపోయింది. ఊడ్పు గింజ ఆ నష్టానికి ఏ మూలకూ చాలదు. వ్యాపారస్థుడు కాబట్టి తొందరగానే అర్థం చేసుకున్నాడు.

"గుత్త వద్దు. కొలిచి ఎత్తుకుంట. నేల మీద పడ్డది మీది," అన్నాడు. గుమాస్తా అదీ రాశాడు, ఆసాములు వేలిముద్రలు వేశారు. లేస్తూ లేస్తూ సేటు గాలయ్య వైపు తిరిగాడు. "ఊడ్చేదే లేనప్పుడు నువ్వెందుకు గాలయ్యా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఇంటికొచ్చాక గాలయ్య గానుగ పక్కన కూలబడ్డాడు.

"నలుగుర్ల నా పేరు జెప్పినవ్."

"చెప్పకుంటె వాడు లారీ కాలవెడుతుండె. వాడు జైల్ల ఉంటె నీకు బువ్వ దిగునా?"

గాలయ్య తర్వాతి పది రోజులు ఆగిపోయిన గానుగ పక్కనే కూర్చుని, ఎండిన రోట్లోకి చూస్తూ ఉండిపోయాడు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు. రాచమ్మ తను చేసింది మంచో చెడో తెలియక సతమతమైంది. మొగుడి పని పోయింది, ఇజ్జత్ పోయింది. లారీ కాలలేదు నిజమే, కానీ తమ్ముడు ఇంటికీ రాలేదు.

కోతలు వచ్చాయి. లారీ వచ్చింది, గింజ కొలుచుకుని వెళ్ళిపోయింది, ఎవరూ రాయి వేయలేదు. ఆడవాళ్ళు పరిగెకు దిగారు. రెండేళ్ళుగా అలవాటు తప్పిన చేతులు, పైగా కరువుకు నెర్రెలిచ్చి ఇంకా బాగు చేయని కల్లాలు. పొద్దెక్కేదాకా ఏరినా తాయవ్వ కొంగులో నాలుగు గుప్పిళ్ళు కూడా పడలేదు. గింజ ఉంది, దాన్ని పైకి తీయడమే ఎవరికీ రావడం లేదు.

మధ్యాహ్నం రాచమ్మ చేటలో జొన్నలు బాగుచేస్తోంది. గడపలో నీడ పడింది. అంబాదాస్. చేతిలో కొత్త చీపురు ఉంది. కొట్లాటకే వచ్చాడనుకుంది రాచమ్మ. అతను అక్క వైపు చూడకుండా, గానుగ పక్కన కూర్చున్న మనిషి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"బావా, లే. మాకు ఊడ్సుడు వస్తలేదు."

గాలయ్య తలెత్తి చీపురు చూశాడు, బామ్మర్ది ముఖం చూశాడు. "నేను ఊడ్సితె ఏం మిగలదు," అన్నాడు మెల్లగా.

"మిగలొద్దు. ఈసారి మాకోసం ఊడువు."

రాచమ్మ చేట పక్కన పెట్టేసి ఏడ్చేసింది. సంతోషమో, ఇన్నాళ్ళ దుఃఖమో చెప్పలేనంటుంది. గాలయ్య లేచాడు. ఆ రోజు కల్లంలో అతను ఊడుస్తుంటే ఆడవాళ్ళంతా అంచున నిలబడి చూశారు. పుల్లతో నెర్రెలు గెలికాడు, పొట్టు చెరిగాడు, అంచు నుంచి నడిమికి వంగినవాడు వంగినట్టే తిరిగాడు. పొద్దు వాలేసరికి రెండు వాయల గింజ కుప్పయింది.

గానుగకు ఎద్దు లేదు. అంబాదాస్ దూలానికి భుజం ఆనించాడు, తాయవ్వ ఇంకో పక్క పట్టుకుంది, మిగిలినవాళ్ళు నవ్వుకుంటూ వంతులేసుకుని తోశారు. గాలయ్య రోట్లో వేణ్ణీళ్ళు చిలకరిస్తూ గింజను లోపలికి నెట్టాడు. కొన్నాళ్ళకు చెక్క కోసం ఆశపడి ఎద్దులున్న ఆసాములే రోజుకొకరు వాళ్ళ ఎద్దును పంపడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఆ ఊళ్ళో లారీ వస్తుంది, పోతుంది, కల్లంలో పరిగె ఉంటుంది. జీపు మాత్రం మళ్ళీ ఆ పని మీద రాలేదు. అయితే అదంతా తర్వాతి మాట.

ఆ సాయంత్రం మొదటి నూనె దిగగానే రాచమ్మ గిన్నెలో పట్టి తమ్ముణ్ణి రమ్మని పిలిచింది. పాత ఆదివారాల్లో లాగే అంబాదాస్ వచ్చి గానుగ పక్కన కూర్చున్నాడు. ఆమె చెయ్యి ముంచబోతుంటే గాలయ్య వచ్చి గిన్నె తీసుకున్నాడు. చిన్నప్పుడు దూలం మీద తిప్పాడే గానీ, ఆ తలకు అతను ఎన్నడూ నూనె పెట్టలేదు. అరచేతి నిండా పోసుకుని బామ్మర్ది మాడు మీద పెట్టాడు. వేళ్ళు జుట్టులోకి పోయి, లాఠీ దెబ్బ మచ్చ దగ్గర ఆగిపోయాయి. అంబాదాస్ కదలలేదు. గాలయ్య ఆ మచ్చ మీదే నూనె పోసి, గిన్నె ఖాళీ అయ్యేదాకా అక్కడే రుద్దుతూ కూర్చున్నాడు.