ప్రార్థించిన చోటే తుప్పు పట్టింది

సహోదరులారా, మా బండి కింద నల్లగా నూనె కారి ఇసుకలో ఇంకిపోతుంటే, బండిలో నా భర్త ఊపిరి అందక నోరు తెరుచుకుని కూర్చుని ఉంటే, చుట్టూ జీడితోట తప్ప నరమానవుడు కనబడని ఆ పొద్దుటిపూట నేను ఎలా నిలబడ్డానో నాకు ఇప్పటికీ తెలియదు! నా పేరు మరియమ్మ. ఉద్దానంలో సముద్రం ఒడ్డు ఊరు మాది. పడవల దగ్గర చేపలెత్తి పలాస తీసుకెళ్లి అమ్ముకుంటాను. నా భర్త ఆనందరావుకు మా ప్రాంతంలో ఇంటింటికీ వచ్చే జబ్బే వచ్చింది, రెండు కిడ్నీలూ పోయాయి, పలాస వెళ్లి రక్తం కడిగే ఆ మిషను దగ్గర పడుకుంటేనే మనిషి, ఒక్క వంతు తప్పిందా, కాళ్లు వాచి, ముఖం ఉబ్బి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. మా ఊరి నుంచి తారురోడ్డు దాకా ఇసుకదారే, ఆటోలు దిగబడిపోతాయి, అందుకని నాలుగు చక్రాలూ లాగే పాత పికప్ ఒకటి పెట్టుకున్నాం, నా తమ్ముడు దానియేలు నడుపుతాడు. ఆ రోజు ఎవరో నరికి వదిలేసిన కొబ్బరి మోడు ఇసుకలో దాక్కుని ఇంజను అడుగున తగిలింది, ఆయిల్ చాంబర్ పగిలిపోయింది. ఒక ట్రాక్టరు అటు రాబట్టి సరిపోయింది గానీ, రాకపోయి ఉంటే నేను ఈ సాక్ష్యం రాయడానికి కాదు, ఏడవడానికి కూర్చునేదాన్ని.

ఇంక ఆ భయం వద్దని బండికి కవచం చేయించాలనుకున్నాం. కొండలెక్కే బండ్లకు కడతారే, అలాంటిది, ఇంజను కింద ఒక ప్లేటు, రెండు పక్కలా తలుపుల కింద వెడల్పాటి ఇనప రేకులు. టెక్కలిలో దళసరి రేకు కొన్నాం. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీల వెనక వీధిలో సింహాచలం అని ఒకతను ఈ పని చేస్తాడు. సముద్రపు గాలికి మామూలు రంగు నిలవదు, పౌడర్ కోటింగ్ వేస్తానన్నాడు. అంటే ఇనుమును మందునీళ్లతో కడిగి, ఆరబెట్టి, దాని మీద పొడి రంగు చల్లి, గదంత పొయ్యిలో పెట్టి కాలుస్తారు, రంగు కరిగి ఇనుముకు చర్మంలాగ పట్టేస్తుందట. మా పాస్టరు గారు ఈ సంగతి విని ఎంత సంతోషించారో! "సర్వాంగ కవచం అమ్మా, ప్రార్థన లేకుండా ఎలా బిగిస్తావు?" అన్నారు.

ఇక్కడ మా ఊరి అలవాటొకటి చెప్పాలి. కొత్త పడవ నీళ్లలోకి దించే ముందు మా సంఘమంతా వెళ్లి నూనె రాసి, చేతులుంచి ప్రార్థిస్తాం, అదీ రంగు వేయకముందే, పచ్చి చెక్క మీదే. ప్రార్థన లోపల ఉండాలి, రంగు పైన ఉండాలి అనేది మా పెద్దల మాట, రంగు రేపు గీసుకుపోయినా ప్రార్థన పోకూడదని. పడవకు అలా చేసినప్పుడు బండికి చేయమా? సింహాచలం రేకులన్నీ కడిగి తీగలకు వేలాడదీసి టీ తాగడానికి వెళ్లిన సమయంలో మేం వెళ్లాం. ఎండ మండిపోతోంది, అందుకని షెడ్డు తలుపు నీడలో ఉన్న ఒక్క రేకు దగ్గరే అందరం నిలబడ్డాం. పాస్టరు గారు కుడిచేయి నిండా కొబ్బరినూనె పోసుకుని ఆ రేకు మీద నిండుగా ఆనించి, "తండ్రీ, ఈ ఇనుము వెనక కూర్చునే ప్రాణాలను కాపాడు, మా కళ్లకు కనబడని అపాయాన్ని నువ్వు చూపించు" అని ప్రార్థించారు. ఆ ప్రార్థన మాట మాటా నాకు గుర్తుంది, ఎందుకు గుర్తుందో మీరే చూస్తారు.

రేకులు పొయ్యిలోంచి వచ్చాక చూడాలి వాటి అందం! నల్లగా, నున్నగా, ముఖం చూసుకోవచ్చు. బండికి బిగించాక మా దానియేలు దాని చుట్టూ పెళ్లికొడుకులా తిరిగాడు. ఇసుకదారిలో మోడులు తగిలినా ఠంగుమనేవి, అంతే, బండి సాగిపోయేది. నా భర్త సమయానికి మిషను దగ్గరికి చేరేవాడు. నేను ప్రతి ఆదివారం లేచి కృతజ్ఞత చెప్పాను.

వానలు మొదలయ్యాయి. ఒకనాడు ఎడమ పక్క రేకు మీద పొక్కులు కనబడ్డాయి, వేయించిన అప్పడం మీద లేస్తాయే, అలాంటివి. గాలికి అనుకున్నాను. తరవాత ఒక పొద్దున్న దానియేలు బండి కడుగుతూ గట్టిగా కేకేశాడు. మా వైపు అక్కను అప్ప అంటారు లెండి. "అప్పా! ఓ అప్పా! బేగి రా! ఇదేటో సూడు!" అన్నాడు. పరిగెత్తుకెళ్లాను. నీటి దెబ్బకు నల్లరంగు పొరలాగ ఊడి కింద పడింది, ఉడికిన గుడ్డు పైపొర ఊడినట్టు. దాని కింద ఎర్రటి తుప్పు. ఆ తుప్పు ఎలా ఉందో చెబితే మీరు నమ్మరు, నేనే నమ్మలేదు. అది చేయి! మనిషి అరచేయి! ఐదు వేళ్లు, అందులో ఉంగరపు వేలు సగమే ఉంది!

మా పాస్టరు గారికి ఉంగరపు వేలు సగమే ఉంది. విశ్వాసంలోకి రాకముందు పడవ ఇంజనులో పడి తెగిపోయింది, ఆ సంగతి మా తీరంలో తెలియనివాళ్లు లేరు. మిగతా రేకులన్నీ చూశాను, కుడిపక్కది, ఇంజను కిందిది, అన్నీ కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ప్రార్థన జరిగిన ఒక్క రేకు, ఆ రేకు మీద చేయి పడిన ఆ ఒక్క చోటు, అక్కడే తుప్పు!

ఊరికి చెప్పాలా? మధ్యాహ్నానికల్లా జనం తీర్థానికి వచ్చినట్టు వచ్చారు. మా పక్కింటి అప్పలసామి నాకు వరసకు బావ, ఆయన పడుచుతనం నుంచీ నన్ను ఏడిపించడమే పనిగా పెట్టుకున్నవాడు, ఆయనకు ఇంతకంటే ఏం కావాలి? "ఏటే మరియమ్మా, మీ పాస్టరు సెయ్యేసిన సోటే తుప్పెట్టిందేటే! మిగతాదంతా బాగానే ఉందే! నా కొత్త పడవ కాడికి మాత్రం ఆయన్ని రానీకే తల్లీ!" అన్నాడు. అందరూ నవ్వారు.

పాస్టరు గారు కూడా వచ్చారు. బండి పక్కన వంగి, ఆ తుప్పు మీద చేయి ఆనించబోయి, ఆనించకుండానే వెనక్కి తీసుకున్నారు. అది మొదలు ఆయన ఎవరి తల మీదా చేయి ఉంచలేదు సహోదరులారా! రోగులు తల వంచుకుని నిలబడితే చేతులు వెనక్కి కట్టుకుని ప్రార్థించేవారు. ఒక ఆదివారం నా భర్త ఆయన ముందు తల వంచి ఎంతసేపు నిలబడ్డాడో, ఆ చేయి రాలేదు. నా భర్త అలాగే నెమ్మదిగా వెనక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇంటికొచ్చి తలుపేసుకుని దేవునితో పోట్లాడాను. దాచను, ఆ ప్రార్థన ఉన్నదున్నట్టు చెబుతాను: "ప్రభువా, నీ పేరు మీద పెట్టిన చేతినే తుప్పు పట్టించావా? ప్రార్థన లేని రేకులు బాగున్నాయి, ప్రార్థన ఉన్నదే పాడైందా? ఇంక నా భర్త కోసం నేను ఏ ముఖంతో అడగను? అడిగితే బాగవుతాడా, అడిగినందుకే పోతాడా?" అవును, ఆ మాటే అన్నాను. నాకు అంత భయం పుట్టింది. నా మోకాళ్ల ప్రార్థన ఆగిపోయింది. నా భర్త ప్రాణానికి నాకున్న ఒక్క ఆధారం అదే, అదే ఆగిపోయింది.

ఆ వారం పలాస వెళ్లినప్పుడు నా భర్తను మిషను దగ్గర పడుకోబెట్టి, బండిని తిన్నగా సింహాచలం షెడ్డుకు పోనిమ్మన్నాను. వాడిని కడిగేద్దామనే వెళ్లాను. నేను అరుస్తున్నంతసేపూ అతను తల వంచుకుని విన్నాడు. అప్పుడు అన్నాడు: "కోపం పడకప్పా. ఆ రోజు నాను టీ తాగి వచ్చేసరికి మీరందరూ కళ్లు మూసుకుని పార్దన సేత్తన్నారు. రేకు మీద నూనె కనబడింది నాకు. కడిగిన ఇనుముకి వేలు కూడా తగలకూడదప్పా, నూనె మీద రంగు పట్టదు, సందులోకి ఉప్పునీరు దూరిపోతాది. తుడిసేద్దామనే గుడ్డ తీసినాను. కానీ దేవుడి నూనె కదా, ఏ దేవుడిదైతే నాకేటి, తుడిసేత్తే పాపమని ఒగ్గేసినాను."

నా కోపమంతా ఎటు పోయిందో! అతను మనవాడు కాదు, తన గుడికి తాను వెళ్లేవాడు, మన నూనె తుడవడానికి చేయి రాక తన పనిని తానే చెడగొట్టుకున్నాడు. కానీ నా దుఃఖం తగ్గలేదు, పెరిగింది. అంటే నూనే తుప్పు తెచ్చిందన్నమాట! మా ప్రార్థనే! సింహాచలం, "ఇనుము గట్టిదే అప్పా, రంగే పోయింది. విప్పక్కర్లేదు, బండి మీదే గీకి పెయింటు కొట్టేత్తాను, నీకు బేగి అయిపోతాది" అన్నాడు. దానియేలు సరేనన్నాడు. నేనే ఒప్పుకోలేదు. "ఆ చేయి నా కళ్లకు కనబడకూడదు. విప్పేసి అవతల పారెయ్!" అన్నాను. సహోదరులారా, అది విశ్వాసంతో అన్న మాట కాదు, ఒళ్లు మండి అన్న మాట. ఆ మాటనే దేవుడు వాడుకున్నాడు!

బోల్టులు విప్పారు. రేకు కిందికి దిగగానే వెనక నుంచి గంపెడు తడి ఇసుక జారిపడింది. ఇన్నాళ్ల మా ఇసుకదారి అంతా అక్కడే పేరుకుని, ఉప్పు తడితో అక్కడే కూర్చుంది. సింహాచలం వేళ్లతో ఇసుక తోడుతూ తోడుతూ ఆగిపోయాడు. అక్కడ చాసిస్ వెంబడి, అంటే బండి అడుగు చట్రం వెంబడి, ఒక సన్నని ఇనప గొట్టం వెళుతుంది, వెనక చక్రాలకు బ్రేకు ఆయిలు మోసుకెళ్లే గొట్టం, అది బండికి ఆ ఎడమ పక్కనే ఉంటుంది. అది తుప్పు పట్టి పొలుసులు పొలుసులుగా లేచి ఉంది, ఒకచోట తడిగా మెరుస్తోంది. "దానియేలూ, బండెక్కి బ్రేకు గట్టిగా తొక్కు" అన్నాడు. తొక్కాడు. ఫట్‌మని గొట్టం రెండుగా విడిపోయి ఆయిలు చిమ్మి సింహాచలం చొక్కా తడిసిపోయింది, దానియేలు కాలి కింద పెడలు లోపలికి దిగిపోయింది!

సింహాచలం అలాగే నేల మీద కూలబడి, "ఈ బండిలోనేటప్పా మనిసిని తెచ్చినావు?" అన్నాడు. అవును, ఈ బండిలోనే! ఆ పొద్దున్నే పలాసలో వంతెన దిగుడు దిగాం, కింద ఆటోలు, జీడి ఫ్యాక్టరీకి పనికి పోయే ఆడవాళ్లు, దానియేలు బ్రేకు తొక్కుతూ తొక్కుతూ దించాడు, ముందు సీట్లో నా భర్త కిటికీకి తల ఆన్చి నిద్రపోతున్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ అదే దారి. ఆ రేకు కూడా మిగతావాటిలా నల్లగా మెరుస్తూ ఉంటే మేం దాన్ని విప్పేవాళ్లమా? చేత్తో తుడిచి ముద్దు పెట్టుకునేవాళ్లం! "మా కళ్లకు కనబడని అపాయాన్ని నువ్వు చూపించు" అని కదా పాస్టరు గారు అడిగింది! దేవుడు చూపించాడు, ఆయన చేతితోనే, సగం వేలుతో సహా సంతకం పెట్టి చూపించాడు!

గొట్టం కొత్తది వేయించి, మిషను దగ్గర్నుంచి నా భర్తను ఎక్కించుకుని ఇంటికి బయలుదేరాం. ఆ పాత రేకును పారెయ్యనివ్వలేదు, బండిలోనే వేసుకుని తిన్నగా పాస్టరు గారి గుమ్మం ముందు ఆపాను. జరిగిందంతా చెప్పి, విరిగిన గొట్టం ముక్క ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే కళ్లు కారిపోతున్నాయి. "అయ్యగారూ, ఇంక చేతులు వెనక్కి కట్టుకోకండి" అని, పాస్టరు గారని కూడా చూడకుండా ఆయన కుడిచేయి పట్టుకుని లాగి నా భర్త తల మీద పెట్టాను! అప్పలసామి బావ దారిన పోతూ ఆగి చూస్తున్నాడు, నవ్వలేదు. సాయంత్రం వచ్చి, "మా పడవ కాడికి మీ పాస్టరుని ఎప్పుడు తెత్తావే?" అని అడిగాడు.

నా భర్త కిడ్నీలు బాగయ్యాయని చెబితే మీరు ఇంకా గట్టిగా స్తోత్రం చెబుతారు, కానీ నేను చెప్పను, అవి బాగవలేదు. ఆయన ఇంకా ఆ మిషను దగ్గరికి వెళుతూనే ఉన్నాడు. వెళుతున్నాడు! క్షేమంగా వెళ్లి క్షేమంగా వస్తున్నాడు, వచ్చి నా చేతి చేపల పులుసు ఉప్పు లేకుండా చేశానని నన్ను తిడుతున్నాడు, ఆ తిట్టు వినడమే నాకు పండగ. కొత్త రేకు వేసినప్పుడు సింహాచలం ముందే కబురు పెట్టాడు, "ఈసారి రంగు సల్లారినాక రండప్పా, ఎంత నూనె కావాలంటే అంత రాసుకోండి" అని. అలాగే రాశాం. పాత రేకు మా మందిరంలో గోడకు వేలాడుతోంది, దాని మీద ఏ రంగూ వేయనివ్వలేదు.

దేవునికే మహిమ, ఆయన మౌనానికి కూడా మహిమ! ఇది చదువుతున్న సహోదరీ, సహోదరుడా, నీ జీవితంలో కూడా ప్రార్థన చేసిన చోటే పాడైపోయిందా? నలుగురూ నవ్వుతున్నారా? సిగ్గుపడి దాని మీద ఇంకో పూత పూయించకు. మెరుస్తున్న చోట్లన్నీ వదిలెయ్. ప్రభువును నమ్మి, ఆ తుప్పు పట్టిన చోటే బోల్టు విప్పి చూడు.