పదో బోల్టు

శుక్రవారం ఉదయం 6:10కి షెడ్డు కింద నా డ్యూటీ మొదలైంది. మా ఇల్లు రుద్రారం దగ్గర. పైన రేకులు, కింద నాపరాళ్లు, మధ్యలో పన్నెండేళ్ల పాత కారు. ముందు రోజు రోడ్డు మీద ఇంజను వేడెక్కి, వెనక నుంచి తెల్లటి ఆవిరి కక్కింది. ఇంజను బ్లాకుకూ, దాని మూత లాంటి హెడ్డుకూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయింది. షాపులో వారం పడుతుందన్నారు. మాకు వారం లేదు.

పదిహేడేళ్లు ఫిరంగి దళంలో ఉన్నాను. చదువు పదో తరగతి. లెక్కలు బంకర్లో కూర్చుని సొంతంగా నేర్చుకున్నాను. అక్కడ భయం కొండ అవతలి నుంచి వచ్చేది. ఇక్కడ జిన్నారం వైపు నుంచి వస్తుంది. గాలి అటు నుంచి మళ్లితే ఫ్యాక్టరీల ఘాటు మా గడప దాకా వస్తుంది. నా భార్య కరుణకు ఊపిరి ఆడదు. కిందటిసారి ఆటోలో తీసుకెళ్లాను. దారంతా ఆ గాలే పీల్చింది. సంగారెడ్డి ఆసుపత్రి చేరేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. అందుకే అద్దాలు మూసుకునే బండి కావాలి.

మొదటి రోజు హెడ్డు విప్పి, పటాన్‌చెరులో చదును చేయించి తెచ్చాను. రెండో రోజు ఇంజను బ్లాకులోని పది బోల్టు గుంతల్లో నిలిచిన నీళ్లు తుడుస్తుంటే ఫోను మోగింది. జిన్నారంలో పనిచేసే పక్కింటి ఫిట్టర్. గాలి సంగతి మాకు చెప్పే కాపలా అతనే.

"అన్నా, గాలి తిరుగుతుంది. పొద్దుగూకేలోపు మీ దిక్కే."

"ఇంకెన్ని గంటలున్నయి?"

"గాలి నాకు చెప్పొస్తదానే? జల్దీ కానీ."

ఫోను పెట్టేసి నోటుబుక్కులో 'పది గుంతలు, పొడి' అని రాసుకున్నాను.

12:20. కొత్త గాస్కెట్, దాని మీద హెడ్డు. బోల్టులు మధ్య నుంచి అంచులకు, రెండు విడతలుగా బిగించాలి. దళంలో ఒక నియమం ఉండేది. ఒకరు చెప్పిన సంఖ్యను ఇంకొకరు తిరిగి చెప్పాలి. అప్పటిదాకా అది సంఖ్య కాదు. కరుణను స్టూలు మీద కూర్చోబెట్టాను. చేతితో బిగిసిన చోటి నుంచి, సరిపడా బిగువు రాగానే టార్క్ రెంచి టక్కుమనేదాకా ఎన్ని పావు తిప్పులో నేను చెప్పాలి, ఆమె తిరిగి చెప్పాలి.

"ఒకటో బోల్టు, నాలుగు."

"నాలుగు. ముప్పై ఏండ్లకు నా మాట లెక్కలకొచ్చింది."

ఆరో బోల్టు దగ్గర ఘాటు తగిలింది. లోపలికి పొమ్మన్నాను. తల అడ్డంగా ఊపింది. ఏడో బోల్టుకు ఆమెకు మాట రాలేదు. ఉంగరం వేలితో మడ్‌గార్డు మీద నాలుగుసార్లు కొట్టింది. ఎనిమిది, తొమ్మిది కూడా అలాగే.

"పదో బోల్టు, రెండు."

ఆమె వేలు గాలిలోనే ఆగింది.

"రెండు, కరుణా. రెంచి టక్కుమన్నది. ఇగ సరిపాయె." ఇంకా నాలుగు గంటల పని ఉంది.

ఆమె నాలుగుసార్లు కొట్టింది.

బోల్టు విప్పాను. కొసన నీటి చుక్క. అడుగున నీళ్లు అడ్డుపడి రెంచి ముందే టక్కుమంది. ఫోను మోగినప్పుడు నేను తుడవబోతున్న గుంత అదే. పది అని రాసుకున్నాను, ఎవరికీ చెప్పి తిరిగి చెప్పించుకోలేదు. రెండో విడత గట్టిగా బిగించి ఉంటే, పోయే దారిలేని ఆ నీళ్లు బ్లాకును పగలగొట్టేవి. ఆ బండి ఇక కదిలేది కాదు.

తీగకు గుడ్డ చుట్టి తుడిచాను. పన్నెండు నిమిషాలు. తీగ రెండుసార్లు జారింది. మళ్లీ బిగించాను.

"నాలుగు."

నాలుగు దెబ్బలు.

రెండో విడత బిగింపు కూడా అయ్యాక ఆమెను లోపలికి పంపి, తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కాను. బెల్టు, పైపులు, రేడియేటర్లో నీళ్లు. గంటకోసారి కిటికీ తట్టాను. లోపలి నుంచి తట్టేది. మూడోసారి ఆలస్యంగా తట్టింది. 4:50కి ఇంజను అందుకుంది. రెండు నిమిషాలు తెల్లటి పొగ. తర్వాత పొగ ఆగిపోయింది. ఆసుపత్రి చేరేదాకా రోడ్డునూ, ఇంజను వేడి చూపే ముల్లునూ, ఆమె పెదవులనూ వంతులవారీగా చూశాను. ముల్లు సగం దాటలేదు.

రెండు రాత్రులు ఆక్సిజన్. సోమవారం పొద్దున అదే కారులో తిరిగి వచ్చాం. అప్పటికి గాలి జిన్నారం వైపే మళ్లింది.

పదిహేడేళ్ల సర్వీసులో చూసినవి చాలా మరిచిపోయాను. నేను రెండు అన్న తర్వాత, ఊపిరి అందకపోయినా, మడ్‌గార్డుకు జానెడు ఎత్తున దిగకుండా ఆగిన ఆమె వేలు మాత్రం ఇప్పటికీ నా కళ్ల ముందు అక్కడే ఉంది.