చెయ్యి ఊపితే బండి ఆగాలి

మా ఇల్లు కంచరపాలెంలో రైలు పట్టాల పక్కనే. పక్కనే అని మాటవరసకి అనడం లేదు. గూడ్సు బండి వెళ్తే వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి, దేవుడి పటం మేకు మీద ఓ పక్కకి ఒరిగిపోతుంది. ఆ పటంలో యేసు ప్రభువుని రోజూ పొద్దున్నే నిటారుగా నిలబెట్టడం చిన్నప్పటి నుంచి నా డ్యూటీ.

మా వీధిలో అందరికీ ఒక అలవాటుంది. బండి వస్తే మాట ఆపేస్తాం. ఎవరూ నేర్పలేదు, అదంతే. అమ్మ నన్ను తిడుతూ తిడుతూ మధ్యలో ఆగిపోయేది. ఆఖరి వ్యాగన్ దాటగానే సరిగ్గా ఆపిన చోటి నుంచే మళ్ళీ అందుకునేది. ఈలోగా కోపం చల్లారుతుందేమో అని ఆశపడేదాన్ని. ఎక్కడా! పాస్టరుగారు ఇంటికి ప్రార్థనకి వచ్చినా అంతే, బండి పోయేదాకా కళ్ళు మూసుకుని ఊరుకుని, పోయాక ఆమెన్ అనేవారు. కొత్తగా వచ్చిన చుట్టాలు మాత్రం ఆ మోత మీద గొంతు చించుకుని మాట్లాడుతుంటే మేము జాలిగా చూసేవాళ్ళం.

ఈ అలవాటే చివరికి నా ఉద్యోగానికి ఎసరు పెట్టింది.

నాకు అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగం వచ్చింది. రైలు ఇంజిన్‌లో డ్రైవరు పక్కన కూర్చునే ఉద్యోగం, అందరూ మొదట చేరేది అందులోనే. నాన్నకి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన ఫిషింగ్ హార్బర్ నుంచి అప్పుడే వచ్చారు. అక్కడ ఐసు ప్లాంటులో పని, తెల్లారకముందే మొదలై ఎండెక్కేసరికి అయిపోతుంది. చేతులు ఇంకా చల్లగానే ఉన్నాయి, ఆ చేతులతోనే నా బుగ్గలు రెండూ పట్టుకున్నారు.

"నా గుంట రైలు నడుపుతాదేటి! ఓలమ్మ ఓలమ్మ!" అని వీధి చివరి దాకా వినిపించేట్టు అరిచారు.

"నడిపేది నాను కాదు నాన్నా, పక్కన కూకుంటానంతే."

"ఊరుకో. పక్కన కూకుంటే నడిపినట్టే" అన్నారు. వీధిలో అందరికీ అలాగే చెప్పుకున్నారు కూడా.

ట్రైనింగ్ స్కూల్లో బాగానే గడిచింది. పరీక్షలు రాశాను, ఇంజిన్ బొమ్మలు చూసి అన్నీ అప్పజెప్పాను. తరవాత నిజం బండ్ల మీద నేర్చుకునే ట్రిప్పులు వేశారు. ఇంజిన్‌లో ముగ్గురం. నడిపే లోకో పైలట్ సారు, అసలు అసిస్టెంటు, నేను. అసిస్టెంటు వెనక్కి తప్పుకుని తన పని నాచేత చేయించాలి. ఆ పనిలో ముఖ్యమైనది సిగ్నల్ పలకడం. ముందు సిగ్నల్ కనిపించగానే దాని రంగేమిటో అసిస్టెంటు గట్టిగా చెప్పాలి, లోకో పైలట్ అదే మాట మళ్ళీ అనాలి. ఇద్దరూ చూశారని ఇద్దరికీ తెలియాలి, అందుకు.

ఇంతకన్నా తేలిక పని ఉంటుందా? గ్రీన్ కనబడితే గ్రీన్ అనాలి. చంటిపిల్లలైనా అంటారు. నేను అనలేకపోయాను. ఇంజిన్ మోత పెరిగేకొద్దీ నా నోరు దానంతటదే మూతబడిపోయేది. పుట్టినప్పటి నుంచి బండి మోత వినబడితే మాట ఆపేసిన నోరు మరి! లోపల గ్రీన్ అనుకునేదాన్ని, పైకి వచ్చేది కాదు. వచ్చినా నాకే వినపడేది కాదు.

సారుది గోదావరి జిల్లా. మనిషి మంచివాడే కానీ నోరు పదును. "ఏమ్మా, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేంటి? నేను సిగ్నల్ చూడాలా, నీ పెదాలు చూడాలా?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది, ఆయన మీద కాదు, నా మీద.

ఒక ట్రిప్పు దిగాక పక్కకి పిలిచి మెల్లిగానే చెప్పారు. "చూడమ్మా, రేపటి ట్రిప్పు అయ్యాక నీ గురించి ఇన్‌స్పెక్టరు గారు నన్ను అడుగుతారు. కళ్ళు బాగున్నాయి, చదువు బాగుంది. గొంతు లేని అసిస్టెంటుని ఇంజిన్‌లో ఉంచమని నేను ఎలా చెప్పను? ఇంజిన్లు బాగుచేసే షెడ్డులో ఏదో పని ఇస్తారు, ఉద్యోగానికి భయం లేదు." ఆ ఆఖరి మాట ఓదార్పుగా అన్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. షెడ్డులో పని కోసమా నేను ఇన్నేళ్ళు చదివింది?

ఇంటికొచ్చి ఏడుస్తూ చెప్పాను. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని, "అయితే కేకలెయ్యడం నేర్సుకుందాం, రా" అన్నారు. ఇద్దరం డాబా ఎక్కాం. కింద నుంచి బండి వెళ్తుంటే నేను గ్రీన్ అని అరవాలి, ఆయనా గ్రీన్ అని అరవాలి. మొదటి బండికి నేను నోరు తెరవలేదు. ఆయనా తెరవలేదు, ఆయనదీ ఈ వీధే కదా. బండి పోయాక ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని కడుపుబ్బ నవ్వుకున్నాం. రెండో బండికి ఆయన అరిచారు. మూడో బండికి నేనూ ఏదో కూశాను. ఎదురింటామె కిటికీ తెరిచి, "ఏటైపోనాది మీకు? ఎవులికైనా బాగోలేదేటి?" అని కంగారుపడింది.

"రేపు ఏ బండి?" అని నాన్న అడిగారు.

"పోర్టులో బొగ్గెత్తుకుని పరవాడ కరెంటు ఫ్యాక్టరీకి ఎల్లేది. పొద్దు బాగా ఎక్కినాక మన ఎనకాల నుంచే ఎల్తాది. నాను కుడేపు కూకుంటాను."

"కుడేపా? సర్లే" అని తల ఊపారు. ఎందుకు అడిగారో నేను పట్టించుకోలేదు. నా గొడవ నాది.

మర్నాడు బొగ్గు బండి పోర్టు నుంచి బయలుదేరింది. మొదటి సిగ్నల్ చెప్పాను. సారు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏంటీ?" అన్నారు. రెండోది కాస్త గట్టిగా చెప్పాను. ఆయన అదే మాట తిరిగి అన్నారు, కానీ మెచ్చుకున్నట్టు లేదు. అయిపోయింది, ఇంజిన్‌లో ఇదే నా ఆఖరి రోజు అనుకున్నాను.

బండి మెల్లిగా మా కంచరపాలెం వెనక వంపు తిరుగుతోంది. వంపు కుడివైపుకి కాబట్టి ముందున్నది నాకు కనిపిస్తుంది, ఎడమవైపు కూర్చున్న సారుకి కనిపించదు. అక్కడ పట్టాల పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ పైకెత్తి, తువ్వాలు గిరగిరా తిప్పుతూ ఎగురుతున్నాడు.

నడక చూడక్కరలేదు, మొహం చూడక్కరలేదు. మా నాన్న.

పట్టాల పక్క పిల్లలు రైలుకి టాటా చెప్పడం వేరు, దానికి ఏ బండీ ఆగదు. కానీ ఎవరైనా రెండు చేతులూ ఎత్తినా, గుడ్డ పట్టుకుని జోరుగా ఊపినా అది ప్రమాదం గుర్తు. ముందు పట్టా విరిగి ఉండొచ్చు, లైను మీద మనిషి ఉండొచ్చు. ఎందుకు ఊపుతున్నాడని ఆరా తీయకూడదు, ముందు ఆపాలి. స్కూల్లో ఇది మాకు బుర్రలో నాటుకునేలా చెప్పారు. ఇంట్లో నేనెవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్తాను?

నన్ను చూడ్డానికే వచ్చారని నాకు తెలుసు. తెలుసు అని గుండె చెప్తోంది. అంత దూరం నుంచి చూస్తే సంతోషంతో ఎగిరే మనిషీ, ప్రమాదం అని ఎగిరే మనిషీ ఒకేలా ఉంటారు. ఆ ఎగిరేది నాన్న కాక ఇంకెవరో అయ్యుంటే నేనేం చేసేదాన్ని? ఆపిస్తే నాన్న కోసమే ఆపించాననుకుంటారు, నా పని అయిపోయినట్టే, నాన్ననీ పోలీసులు పట్టుకుంటారు. ఇంజిన్ మోత చెవుల్లో హోరుమంటోంది. నోరు తెరిచాను.

"డేంజర్! ఆపండి సార్! మనిషి గుడ్డ ఊపుతున్నాడు!"

ఆ అరుపు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. వెనకున్న అసిస్టెంటు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. సారు ఒక్క మాట అడగలేదు, బ్రేకు వేసేశారు. కీచుమంటూ, వెనక వ్యాగన్లన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ, బండి నాన్న ఇంకా కాస్త దూరంలో ఉండగా ఆగింది.

"లైను మీద ఏముంది?" అన్నారు సారు.

"తెలీదు సార్. ఆయన... ఆయన మా నాన్న సార్."

సారు గిర్రున నా వైపు తిరిగారు. ఈలోగా నాన్న పరుగెత్తుకుంటూ ఇంజిన్ దగ్గరికి వచ్చేశారు. మొహం వెలిగిపోతోంది. తలెత్తి నన్ను చూసి, "నా కోసవే ఆపీసేవేటమ్మా!" అన్నారు.

భూమి చీలిపోతే బాగుండును అనిపించింది.

సారు కిటికీలోంచి వంగారు. "ఏవండీ, ముందు లైను మీద ఏదైనా ఉందా?"

"ఏటీ లేదు సార్. నా కూతురు, మొట్టమొదటిసారి మా ఈది ఎనకాల నుంచి ఎల్తంది కదా అని సెయ్యి ఊపినానంతే."

"అలా ఊపితే బండి ఆపాలండీ. పోలీసులు చూస్తే మిమ్మల్ని పట్టుకెళ్తారు. ఇంకోటి చెప్తాను, వినండి. మీ అమ్మాయి మిమ్మల్ని చూసి బండి ఆపించలేదు. గుడ్డ ఊపిన మనిషిని చూసి ఆపించింది. ఆ మనిషి ఎవరైనా ఆపించేదే."

నాన్న మొహంలో వెలుగు పోయింది. తువ్వాలు చేతిలో నలుపుకుంటూ, "తప్పైపోనాది సార్. నాను సేసినదానికి నా గుంటకేటీ సెయ్యకండి. దాని ఉజ్జోగం తియ్యకండి" అన్నారు.

సారు వాకీటాకీ తీసుకుని స్టేషనుతో మాట్లాడారు. ఒక మనిషి గుడ్డ ఊపితే ఆపామని, విచారిస్తే లైను మీద ఏమీ లేదని, మెల్లిగా చూసుకుంటూ బయలుదేరుతున్నామని చెప్పారు. అవతలి మనిషి ఏదో విసుక్కున్నాడు. "ఆయ్, ఆపడం మా పని, ఆపాం" అని పెట్టేశారు. పెట్టేసి నా వైపు తిరిగారు.

"మీ నాన్నగారని తెలిసే అరిచావా?"

"తెలిసే అరిచాను సార్."

"గొంతు లేదన్నాను కదా, ఉంది. ఇన్‌స్పెక్టరు గారితో అదే చెప్తాను" అన్నారు.

హమ్మయ్య. ఎన్నాళ్ళుగానో గుండెల మీద కూర్చున్న బరువు ఒక్కసారి దిగిపోయింది. ప్రభువా, నీకు స్తోత్రం అనుకున్నాను. నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది, రెండూ రానివ్వకుండా ముందున్న సిగ్నల్ వైపు చూశాను. "గ్రీన్!" అన్నాను. సారు, "గ్రీన్!" అన్నారు. బండి కదిలింది.

నాన్న పట్టాలకి దూరంగా వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఇంజిన్ ఆయన పక్కనుంచి వెళ్తుంటే నేను తలతిప్పి చూశాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గట్టిగా పట్టుకున్నారు. కళ్ళ నీళ్ళు బుగ్గల మీదికి కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి కూడా ఆయన చెయ్యి పైకెత్తలేదు.