తలలు తుంచని మూడు మొక్కలు

ఆ రోజుల్లో ఏ పని గురించైనా పుస్తకంలో చదివితే ఆ పని వచ్చేసినట్టేనని నా నమ్మకం. ఇరవై మూడేళ్ల వయసు, నందిగామలో కాలేజీ ఉద్యోగం, డాబా మీద అద్దె గది. అమ్మ ఆ వేసవిలోనే పోయింది. నవంబరులో వచ్చే సమాధుల పండగకి, జగ్గయ్యపేటలో అమ్మ సమాధి మీద నేను పెంచిన చామంతులే పెడతానని, కొన్న పూలు ముట్టనని బంధువులందరి ముందూ అనేశాను. (దుఃఖంలో ఉన్నవాణ్ణి ఎవరూ కాదనరు. అదే ఇబ్బంది.) కాదన్నది పెద్దమ్మ ఒక్కతే. వీరులపాడు వైపు పూలతోటల్లో ఏళ్ల తరబడి కూలికి వెళ్లిన మనిషి. "నువ్వా? మొక్కలా?" అంటూనే ఆరు చామంతి మొక్కలు తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది.

ఆగస్టులో ఒక ఆదివారం నేను స్నానం చేసి వచ్చేసరికి పెద్దమ్మ కుండీల ముందు కూర్చుని ఉంది. మూడు మొక్కలకు తలలు లేవు.

"ఏం చేశావు పెద్దమ్మా!"

"కొసలు తుంచా. లేకపోతే నీలాగే సన్నంగా పైకి పోయి ఊరుకుంటాయి."

"అవి అమ్మ కోసం!"

"మా చెల్లి కోసమేరా తుంచింది. జరుగు, ఇంకో మూడున్నాయి."

నేను జరగలేదు. కొసలు తుంచితేనే మొక్క గుబురుగా పూస్తుందని నా పుస్తకంలోనూ ఉంది. కానీ ఆ ఏడాది పెరుగుతున్న దేన్నీ తెంపడం నా వల్ల కాలేదు. ఆ మాట చెప్పలేక, మిగతా కుండీలకు 'ముట్టుకోరాదు' అని అట్టముక్కలు కట్టాను. "చదువు రానిదానికి చీటీలు రాస్తావేంట్రా?" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ తుంచిన మూడూ ఆవిడవి, మిగిలిన మూడూ నావి అయిపోయాయి. ఆ మర్నాటి నుంచి రోజూ పెద్దమ్మ ఫోన్. "మొగ్గేసిందా?" "నావి వేశాయి. నీవి వేయలేదు." "తొందరపడమాకు."

అక్టోబరు మొదట్లో నావి పూశాయి. నడుమెత్తు పెరిగి, కర్రల సాయంతో నిలబడి, ఒక్కోటి నాలుగైదు పూలు. ఫొటోలు తీసి పెద్దమ్మ మనవరాలి ఫోన్‌కి పంపాను. (అన్ని వైపుల నుంచీ.) పండగ నాటికి అవి వాడి, తలలు వేలాడేశాయి. పెద్దమ్మవి గుబురుగా, ఒళ్లంతా మొగ్గలతో ఉన్నాయి గాని, ఒక్కటంటే ఒక్కటి విచ్చుకోలేదు. తుంచితే పూత ఆలస్యమవుతుందని నీకు తెలీదా అని అరిచాను. "తోటలో పూసినప్పుడు కోసేవాళ్లం. తారీకులు మాకెవరు చెప్పారు?" అని ఆవిడా అరిచింది.

ఆ సాయంత్రం సమాధుల తోటంతా పూలూ కొవ్వొత్తులూ. అమ్మ సమాధి మీద మాత్రం కొవ్వొత్తి ఒక్కటే. "పూలేవిరా?" అని మేనత్త అడిగింది. "వస్తున్నాయి" అంది పెద్దమ్మ, బస్సు గురించి చెప్పినట్టు.

నవంబరు చివర, ఏ పండగా లేని ఒక మంగళవారం, సెలవు పెట్టి బుట్టెడు పూలు తీసుకెళ్లాను. అక్కడ మేమిద్దరమే. పెద్దమ్మ సమాధి నిండా పరిచి, "ఆరూ తుంచనిచ్చి ఉంటే పక్కన మీ తాతక్కూడా సరిపోయేవి" అని విసుక్కుంది. "ఇక్కడ కూడానా పెద్దమ్మా!" అన్నాను. అమ్మ పోయాక అక్కడ నేను ఏడవకుండా నిలబడటం అదే మొదటిసారి.

ఇప్పుడు పెద్దమ్మా ఆ సమాధుల వరసలోనే ఉంది. ఆగస్టు వస్తే కొసలు నేనే తుంచుతాను, తారీకు చూసుకుని, కాస్త ముందుగానే. ఒక్క మొక్కను మాత్రం వదిలేస్తాను. ఎందుకని ఇంట్లో అడిగితే, మరిచిపోయానంటాను.